ఒక్క గడి

మార్చి రెండో వారం. రేవులో మంచు ఇంకా విరగలేదు.
పదో తరగతి పిల్లల కాగితాలు నా బల్ల మీద,
తడి చేతితొడుగుల వాసనతో.
వచ్చే ఏడు ఏ చరిత్ర చదువుతారో
నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి:
కెనడా చరిత్ర. ఆఫ్రికన్ కెనడియన్లది.
గేలిక్ వాళ్లది. మిగ్‌మావ్ వాళ్లది.

నేను టీచర్ని కాను, గుమాస్తాని.
టిక్కు చూసి కంప్యూటర్లో అంకె కొడతాను.
ఈ కేప్ బ్రెటన్ దీవిలో ఎవరి కథ ఎవరు వింటారన్నది
నా చూపుడు వేలి కిందుగా వెళుతుంది.
అలాగని జీతమేమీ పెంచలేదు.

కారణాలు చాలా పెద్దవనుకుంటారు బయటివాళ్లు.
రోరీ మెక్‌లెల్లన్ రాశాడు:
భోజనం తర్వాత పీరియడ్‌లో ఏదుంటే అది.
స్టెఫ్కా హోర్బన్ రాసింది: బ్రియనా ఎటు వెళితే అటు.
బ్రియనా కాగితం తీసి చూశాను:
స్టెఫ్కా ఎటు వెళితే అటు.

లెవై డెన్ని గేలిక్‌కి టిక్కు పెట్టాడు.
వాళ్లది మెంబర్టూ, మిగ్‌మావ్ పిల్లాడు,
పొరపాటేమోనని పిలిపించాను.
భుజాలెగరేశాడు.
"మా సంగతి మా వంటింట్లో రోజూ ఉడుకుతూనే ఉంటుంది.
వీళ్ల నేల ఎవరు లాక్కుంటే పడవెక్కారో,
ఎక్కి మా నేలకే ఎందుకు దిగారో
అది నాకెవరూ చెప్పలేదు."
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు:
"ఫిడేలు కూడా నేర్పుతారట, నిజమేనా?"

ఇక డెల్ఫీన్ గిల్లిస్.
రెండు టిక్కులు, ఒకే ఒత్తుతో, ఒకే సిరాతో.
కంప్యూటర్ ఎర్రబడింది.
మళ్లీ కొట్టాను. మళ్లీ ఎర్రబడింది.
గడి ఒక్కటే. ఖాళీగా వదిలేస్తే
అది తనంతట తానే కెనడా చరిత్రలో వేసేస్తుంది.
ఏదీ ఎంచుకోనివాళ్లకి దేశం దొరుకుతుంది.

కాగితం తిరగేస్తే వెనక వణుకు చేతిరాత.
వాళ్ల నాయనమ్మ ఐనెజ్‌ది.
"అమ్మా, పిల్ల తప్పు కాదు. నేనే రెండు పెట్టమన్నాను.
మా నాన్న బార్బడోస్ నుంచి వచ్చి
ఉక్కు ఫ్యాక్టరీ కోక్ బట్టీల దగ్గర పనిచేశాడు.
ఇంటికొచ్చేసరికి తెల్ల చొక్కా ఉన్న ప్రతివాడూ
మా నాన్న రంగులోనే ఉండేవాడు, ఆ ఒక్క గంటా.
మా అత్తగారు గేలిక్‌లో పాడుతూ పాలు పితికేది.
నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు,
ఆవుకి అర్థమయ్యేది.
దీన్ని ఏ గడిలో పెడతారో మీరే చెప్పండి."

నాకేం తెలుసు?
నేను పదకొండులో ఉన్నప్పుడు
బస్సు తొందరగా దొరికే క్లాసు తీసుకున్నాను.

ఆ కాగితాన్ని సొరుగులో పెట్టాను.
గడువు శుక్రవారం. సోమవారం దాకా
సొరుగు తాళం దొరకలేదని చెప్పాను.

సోమవారం డెల్ఫీన్ తనే వచ్చింది,
బూట్ల నుంచి నీళ్లు కారుతుండగా.
చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడి
ఒక టిక్కుని కొట్టేసింది.
ఏదన్నది మీకు చెప్పను, అది ఆ పిల్ల సొంతం.
కొట్టేసినదాని మీద మాత్రం
వేలు తీయలేదు కాసేపు,
చిన్నపిల్లల గాయం మీద అదిమినట్టు.
"దీని పుస్తకం లైబ్రరీలో ఉంటుందా?"
ఉంటుందన్నాను, చూడకుండానే.

సాయంత్రం వెళ్లి చూశాను.
ఒక్క ప్రతి. అట్ట ఊడొస్తోంది.
చివరి ముద్ర పంతొమ్మిదేళ్ల కిందటిది.
నా పేరు మీద రాయించుకుని
వరండా చివర, దీపాలు ఆర్పేస్తుంటే,
ఆమె లాకర్ నంబరు వెతుక్కుంటూ నడిచాను.