మడమ

టకోమాలో బుధవారం సాయంత్రం.
కాగితం మిల్లు మూతపడ్డా గాలికి ఆ వాసన గుర్తే.
వాన, వాన కానట్టు పడుతోంది.
మా వర్క్‌షాపు ముందు గదిలో ఏడు కుర్చీలు,
ఏడుగురికీ కలిపి తొమ్మిది కాళ్ళు.

కొలిచేది, పోత పోసేది, చెక్కేది, బిగించేది నేను.
కథ చెప్పేది కల్లిరోయి వ్లాహోస్.
డెబ్భై ఎనిమిదేళ్ళు, లెక్కల టీచరుగా రిటైరైంది.
ట్రాయ్ యుద్ధాన్ని వాళ్ళ నాయనమ్మ
పప్పు ఏరుతూ చెప్పేదట.
ఈవిడ థర్మాస్ మూత తిప్పుతూ చెబుతుంది.

మొదటి వారమే పేర్లన్నీ తీసేసింది.
"పేరుంటే విగ్రహమై నిలబడతాడు. తీసేస్తే
వచ్చి మీ పక్క కుర్చీలో కూర్చుంటాడు."
వెయ్యి ఓడలు అనగానే టెరెల్ నవ్వాడు:
"వెయ్యింటికీ తిండి లెక్క ఎవరు రాశారు?"
లెక్కల మనిషి కదా, ఆగిపోయింది.
గింజలు, మంచినీళ్ళు, ఇంతమంది, పదేళ్ళు,
నోటితోనే గుణించుకుంటూ పోయింది.
ఆ రోజు యుద్ధం మొదలవనే లేదు.

ఈ వారం తల్లి. నది.
పసివాణ్ణి మడమ పట్టుకుని తలకిందులుగా ముంచింది.
నీళ్ళు తాకిన చోటల్లా ఇనుము.
తల్లి వేళ్ళున్న చోటు మాత్రం మాంసం.

"చెయ్యి మార్చి ఇంకోసారి ముంచొచ్చుగా?"
అన్నాడు హాలొరన్, మోకాలి కింది ఖాళీని రుద్దుకుంటూ.
అందరూ నవ్వారు.
మారిసోల్ నవ్వలేదు.
"నీళ్ళు చల్లగా ఉండుంటాయి.
పిల్లాడు గుక్కపట్టి ఏడ్చుంటాడు.
రెండోసారి ఏ తల్లి ముంచుతుంది?"
థర్మాస్ మూత తిరగడం ఆగింది.

మా వైపు కథలో ఆ చోటు తొడ.
అక్కడా తల్లే. కళ్ళగంతలు విప్పి
ఒక్కసారి చూసింది; గుడ్డ అడ్డొచ్చింది.
చిన్నప్పుడు అది సిగ్గు గురించిన కథనుకున్నాను.
ఇప్పుడు, రబ్బరు మడమను ఆకురాయికి ఆనిస్తూ,
ఏమో, ఏమనుకోవాలో తెలియదు.

మడమ తిప్పని వీరుడంటాం మా భాషలో.
మెచ్చుకోలుగానే అంటాం.
నా పనంతా దానికి ఎదురు.
కీలును డిగ్రీ డిగ్రీ చొప్పున వదులు చేస్తాను,
గుమ్మం దాటిన మనిషి
మర్చిపోయిన తాళంచెవి కోసం
వెనక్కి తిరగగలిగేంత.

చివరికి రాత్రి.
ముసలి రాజు శత్రువు గుడారానికి వెళ్ళాడు,
కొడుకు శవాన్ని అడుక్కోవడానికి.
చంపిన చేతుల్ని వంగి ముద్దుపెట్టుకున్నాడు.
ఇక్కడ ఆవిడ గొంతు తగ్గిస్తుంది, అలవాటు,
ఎక్కడైనా ఇక్కడ ఏడుస్తారు.
మా గదిలో ఎవరూ ఏడవలేదు.

"బండి ఎవరు తోలారు?"
టెరెల్. కాందహార్ దారిలో పధ్నాలుగు నెలలు లారీ తోలినవాడు.

"రాజు తన రథంలో. వెనక కంచరగాడిదల బండి,
దాన్ని తోలింది ఇంకో ముసలాయన. కొలువులో మనిషి."
"వెళ్ళేప్పుడు సామాను."
"అవును, బంగారం, బట్టలు."
"వచ్చేప్పుడు శవం. తోలింది ఆయనేనా?"
"ఆయనే."
"రాజు వెనక్కి తిరిగి చూడలేదు కదా దారంతా?"

ఆవిడ ఆలోచించింది. "నాయనమ్మ చెప్పలేదు," అంది.
థర్మాస్ కిందపెట్టి,
తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.
"నువ్వు చెప్పు."

సానరాయి మిషను ఆపేశాను.
అది తిరగడం మానడానికి కాసేపు పడుతుంది,
అంతసేపూ అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"ముందు గాడిదల సంగతి," అన్నాడు.
"రెండిట్లో ఒకటి ఎప్పుడూ భయపడుతుంది.
దాన్ని లోపలివైపు కట్టాలి."