రాయి పెట్టిన చోటు

జీలాంగ్‌లో మార్చి నెల. ఎండ ఇంకా దిగలేదు.
గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట
గోడకి ఆనించి తొంభై ఆరు టాయిలెట్ రోల్స్,
మీద దుప్పటి.
దొంగసొత్తు కాదు, రసీదులున్నాయి.
మరి దుప్పటి ఎందుకని
మంజీర అడగలేదు, నేను చెప్పలేదు.

మనిషికి ఒక ప్యాకెట్టే అని బోర్డు పెట్టారు.
నేను నాలుగుసార్లు మనిషినయ్యాను:
పొద్దున టోపీతో,
మధ్యాహ్నం టోపీ లేకుండా,
సాయంత్రం కళ్ళజోడు మార్చి,
ఆఖరికి మా మేధ చేతికి ఇరవై డాలర్ల నోటిచ్చి
పక్క కౌంటర్‌కి పంపి.
ఎనిమిదేళ్ళది. వెళ్ళబోతూ ఆగి
"నాన్నా, నువ్వెవరో నాకు తెలియనట్టు ఉండాలా?" అంది.
ఉండాలన్నాను.
బాగా నటించింది.
ఇంటికొచ్చే దారంతా నటిస్తూనే ఉంది.

తనకు మాలిన ధర్మం, అని
రాత్రి పక్కమీద నాకు నేనే చెప్పుకున్నాను.
సగం సామెత చాలు,
నిద్ర పడుతుంది.
పిల్ల ఉంది, పరాయి దేశం,
రేపు ఊరంతా తలుపులు మూస్తే మనకెవరున్నారు?
రోజుకొకటి చొప్పున జూన్ దాకా భయం లేదు.
ఆ లెక్కలో మా గోడకి
అవతలి వైపు లేదు.

ఆదివారం తలుపు తట్టింది
పక్కింటి ల్యూబిత్సా.
డెబ్బై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు క్రొయేషియా నుంచి ఓడలో వచ్చి
కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టిన చేతులు.
మెట్టు మీద సంచి పెట్టి
గేటు దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి అరిచింది:
"పొద్దున చూశాను, ఉత్త చేతులతో తిరిగొచ్చావు.
నీకు చిన్నపిల్ల ఉంది కదా.
నాకింకా నాలుగున్నాయిలే, ఒక్కదాన్నేగా!"
సంచిలో రెండు రోల్స్,
వాళ్ళ పెరటి నిమ్మకాయలు ఐదు.

ఉత్త చేతులతో వచ్చిన మాట నిజమే.
ఆ పూట నేను వెతికింది
శానిటైజర్.

వద్దంటే గరాజ్ చూపించాలి.
పుచ్చుకున్నాను.
థాంక్యూ కూడా అన్నాను, గొంతు పెంచి,
గేటు దాకా వినపడేలా.

పార్వతీపురంలో కిరసనాయిలు వరస గుర్తొచ్చింది.
కుళాయి వదిలే వేళకి ఇంటికెళ్ళాలని
అమ్మ తన చోట ఒక రాయి పెట్టి వెళ్ళేది.
రాళ్ళు, ఇటుకముక్కలు, తెగిన చెప్పొకటి,
మధ్యమధ్య మనుషులు.
పీపా అడుగంటుతోందని అందరికీ తెలుసు.
రాయిని పక్కకి నెట్టేవాళ్ళు లేరని కాదు,
ఉండేవారు. వాళ్ళ పేర్లు
వీధి మొత్తానికి నోటికొచ్చు.

ఇక్కడ వరస కనపడదు.
తెల్లటి అర, ట్యూబులైటు, అంతే.
ఎవరి రాయి ఎక్కడుందో తెలియదు గనక
నేను దేన్నీ నెట్టలేదనుకున్నాను.

ఆ రాత్రి ఒక ప్యాకెట్ తీసి
ఆమె వరండాలో పెట్టొచ్చాను, బెల్లు కొట్టకుండా,
కుక్క మొరగకుండా, చెప్పులు చేత పట్టుకుని.
ఇవ్వడానికి కూడా
దొంగలాగే వెళ్ళాను.

తెల్లారేసరికి అది మా మెట్టు మీదే ఉంది.
వణుకుతున్న అక్షరాలతో చీటీ:
"ఎవరో పొరపాటున నా ఇంటి ముందు పెట్టారు.
మీరు ముగ్గురు. ఉంచుకోండి."

మంజీర నిమ్మకాయలు కోసి ఉప్పులో వేసింది.
నేను గరాజ్‌కి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాను.
తొంభై ఎనిమిది.
దుప్పటి తీసి మడతపెట్టాను,
ఎవరైనా అడిగితే చెప్పేద్దామని.
ఎవరూ
అడగలేదు.