పదమూడు పాయింట్ ఆరు

వింజమూరు నించి, పెంచలయ్య నిమ్మతోట పక్క కయ్యలోంచి
తొమ్మిది గుడ్డసంచులొచ్చాయి కావలి ల్యాబుకి.
పేర్లు లేవు. మెడకి దారంతో కట్టిన నంబర్లే.

బార్లీ అంటే మాకు
జ్వరమొచ్చిన పిల్లకి కాచే నీళ్ళు,
ఎండాకాలం ఒంటేలు మంటకి మందు.
అదిప్పుడు పైరయ్యి, వెన్నేసి,
మీసాలు దువ్వుకుని నిలబడిందంట
మినుము వేసే నేలలో.

నా పని వంద గింజలు లెక్కబెట్టడం.
తడికాగితం మీద పదికి పది వరసలు.
మూడో రోజు పొద్దున మూత తీస్తే
ఒక్కో గింజ కొసన తెల్లటి చుక్క,
చంటిదానికి పాలపన్ను కనపడ్డట్టు.
తొంభై ఎనిమిది, అని రాసుకుంటాను.
మొలవని రెండింటినీ
గోటితో నొక్కి చూస్తాను, ఎందుకో.

మాల్టు చెయ్యడమంటే ఏందని అడిగింది అమ్మ.
గింజని నమ్మించడమమ్మా, అన్నాను.
వానొచ్చిందని నానేసి,
తెరిపిచ్చిందని నీళ్ళు వంచి, మళ్ళీ నానేసి,
నేలలోనే ఉన్నావని చీకట్లో పరిచి,
అది తన మూట విప్పుకుని
దాచుకున్న పిండిని తీపి చేసుకుని
లేవబోతా ఉంటే
వేడిగాలి వదలడం.
వేళ్ళు జల్లెట్లో రాలిపోతాయి. తీపి మిగులుద్ది.

అమ్మ చాలాసేపు మాట్లాడలా.
"తర్వాత?" అనింది.
తర్వాత సీసా.

ముప్పై ఏళ్ళ కిందట ఈమే
చీపురుకట్టా కారప్పొడీ పట్టుకుని
సారా కొట్టు ముందు కూర్చునింది,
చంకలో నన్నేసుకుని.
నా జీతంతో తెచ్చిన బియ్యం కడుగుతా
ఆ సంగతి ఎత్తదు.
నేనూ ఎత్తను.

సుభాన్ సారు ఆశంతా ఏడో నంబరు మీదే.
కోతకి ముందొచ్చింది, తుప్పు తెగులు తగల్లేదు, మొలక బంగారం.
కానీ చలి ఈ ఏడు పుష్యంలోనే మూటాముల్లె సర్దుకుంది.
గింజ పాలు పోసుకునే వేళకి వడగాలి.
వెయ్యి గింజలు తూస్తే ముప్పై రెండు గ్రాములు.
సగం బక్కవి, జల్లెట్లో నిలబడకుండా జారిపోయినాయి.
మాంసకృత్తులు: పదమూడు పాయింట్ ఆరు.
పదకొండున్నర దాటకూడదు.
దాటితే సారం దిగదంట, బీరు మసకేస్తుందంట.
సారు ఎర్రసిరాతో ఇంటూ కొట్టి
పెన్ను మూత పెట్టడం మర్చిపోయాడు.

పెంచలయ్యకి ఫోన్లో నేనే చెప్పాల్సొచ్చింది.
"బలం ఎక్కువైంది పెద్దయ్యా, అందుకని ఫెయిలు."
అవతల కాసేపు మోటారు చప్పుడు.
"బలమెక్కువై చెడేదేందమ్మా?
ఆఖరి తడి అందక ఎండింది గదా,
దానికి బలం యాడిది?"

ఎండబట్టే పెద్దయ్యా.
నీళ్ళు చాలనిది పిండి నింపుకోలేదు,
గట్టి సత్తువొకటే మిగుల్చుకుంటది.
ఈ మాట నాకు తెలుసు.
నోట్లోంచి మాత్రం రాలా.

పనికిరానివి పారెయ్యాలని రూలు.
ఏడో నంబరులో రెండు కిలోలు మిగిలినాయి.
పారేసినట్టు రాసి, సంతకం పెట్టి,
క్యారేజీ సంచిలో ఇంటికి తెచ్చాను.
అమ్మ రోట్లో దంచి, పొట్టు చెరిగి,
అంబలి కాచి, మజ్జిగ పోసి,
నంజుకోను ఎర్రగడ్డ కోసింది.
నాలుగు గుక్కలు తాగి
"గొంతుకి పొట్టు తగుల్తా ఉంది" అనింది.
అంతే.

రెండో లోటా పోసుకుంటా ఉంటే చూశాను,
కుళాయి పక్కన పగిలిన బకెట్లో మట్టి,
మట్టిలో పచ్చగా సూదుల్లాంటివి ఏడెనిమిది.
దంచకముందే గుప్పెడు తీసి చల్లుకున్నట్టుంది.
"వీటిని మాత్రం ఎండబెట్టబాక."

చైత్రం వచ్చేసింది.
ఈ ఎండకి అది వెన్నెయ్యదు, నాకు తెలుసు.
డ్యూటీకి పొయ్యే ముందు
చెంబెడు నీళ్ళు పోసి పోతన్నా.