ఒక్క నొక్కు

ఒకసారి నొక్కితే రెండుసార్లు వింటోంది.
ఒక తలుపు గీయబోతే పక్కనే ఇంకో తలుపు.
ఒక మెట్టు చెరిపితే
దాని వెనకాలే రెండోదీ దిగిపోయింది.
సొలొలాకీ వీధిలో చెక్క బాల్కనీల పాత ఇల్లు
నా తెరమీద కుంటుతోంది.

ముందు మౌస్‌ని అనుమానించలేదు,
నా చూపుడువేలిని అనుమానించాను.
యాభై ఎనిమిదేళ్లు. మా అమ్మకూ ఇలాగే మొదలైంది,
పళ్లెంలో టీ గ్లాసు గలగలమంటూ.
మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు.
కుడిచెయ్యి కోటు జేబులో దాచుకుని నడిచాను.

ఆఫీసులో బెసో నా కుర్చీలో కూర్చుని
ఒక్కసారి నొక్కాడు. రెండు కిటికీలు.
"నీ వేలు కాదు త్సియాలా పిన్నీ, ఇదే దొంగ."
నేను గోడవైపు తిరిగి
క్యాలెండరు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత కొన్నవి మూడు.
మొదటిది రంగురంగుల దీపాలతో నెమలిలా వచ్చి
నెల తిరక్కుండా బ్యాటరీ మింగి పడుకుంది.
రెండోది పసిపిల్ల చెప్పంత.
మూడోదాని చక్రం కిందికి తిప్పితే పైకి పోయేది.
మా ఆయనా అంతే, ఆయన్ని భరించాను,
దీన్ని కూడానా?

చివరికి ఎలియావా బజారు.
కారు తలుపుల గుట్ట దాటాక, టార్పాలిన్ కింద అన్జోర్ బల్ల.
అతను పెట్టె మీది బొమ్మ చూపించడు.
మౌస్‌ని చెవికి ఆనించుకుని నొక్కుతాడు,
పుచ్చకాయ తట్టి చూసినట్టు.
ఒకటి పక్కన పెట్టాడు. ఇంకొకటి.
ఏడోదానికి తలూపాడు.
మూతబడ్డ నోటరీ ఆఫీసుదట. తెలుపు పసుపెక్కింది.
ఈ కాలంలోనూ తోక ఉంది.
"పదకొండేళ్లు సంతకాల పక్కన బతికింది,
తొందరపాటు తెలీదు."
ఎనిమిది లరీలు. బేరం ఆడబుద్ధి కాలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టిందని
నవ్వేవాళ్లు నవ్వనీ.
మా ఊళ్లో కొండలకేం కొదవ,
దొరకనిది ఎలుకే.

రాత్రి వంటింటి బల్ల మీద తలుపు గీశాను.
ఒకటి.
మళ్లీ నొక్కాను. ఒకటే.
టీ గ్లాసు ఎత్తి పళ్లెంలో పెట్టాను.
చప్పుడు లేదు.

పొద్దున్నే వడ్రంగి ఫోను:
"పై వంటగదికి రెండు కిటికీలే కదమ్మా?
గోడ కోసేశాం."
వేలిని ఒకసారి చూసుకుని
అవునన్నాను.