గాలి తాడు

పుంతా అరేనస్‌లో గాలి లేస్తే
మలుపుల దగ్గర తాళ్లు కడతారు.
బ్యాంకు మేనేజరైనా, పీతలమ్మే మనిషైనా
ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో తాడు.
ఎవరూ సిగ్గుపడరు.

నోల్ఫా మాత్రం ఏడు నెలలుగా
ఎవరడిగినా "బానే ఉన్నా" అంటోంది.
పడవ టిక్కెట్లు చింపుతూ బానే ఉంది.
పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడుతుంటే
చూస్తూ నిలబడి బానే ఉంది.
రాత్రి మూడింటికి లేచి
సొరుగులో చెంచాలు లెక్కపెడుతూ,
పదకొండే, పన్నెండోది ఏదీ,
బానే ఉంది.

ఇవాళ ముసలి కళాసీ ఎలియోదోరో
చిల్లర ఏరుకుంటూ, మామూలుగానే,
"ఎలా ఉన్నావమ్మాయ్?" అన్నాడు.
నోరు తెరిచింది. అలవాటైన మాట రాలేదు.
"నిద్ర పట్టట్లేదు."

వెనక క్యూలో ఎవరో దగ్గారు.
అతను సలహా చెప్పలేదు.
తడి గ్లవుజు తీసి కౌంటర్ మీద పెట్టి
"నాకూ ఒక ఏడాది పట్టలేదు.
రేడియోలో వాతావరణ వార్తలకి
జవాబులు చెప్పేవాణ్ణి" అన్నాడు.
ఏడుపు సగందాకా వచ్చి
నవ్వైపోయింది ఆమెకి.

బయట గాలేం తగ్గలేదు.
మలుపులో తాడు పట్టుకుంది.
అరచేతికి గరుకు.
ముందెవరో పట్టుకున్న చోట
కాస్త వెచ్చన,
నిజమో, అనిపించిందో.