తడికి తయారు

పొద్దున ఎనిమిదిన్నరకు ఆఖరుసారి వానకొలత చూసినా.
గరాటులో సాలీడు, కింద సీసా,
సీసాలో నిన్నటి దుమ్ము.
రిజిస్టర్లో సున్నా, చుక్క, సున్నా.
పదకొండేండ్లుగా అనంతపురంలో
నా చేతిరాతకు బాగా కుదిరిన అంకె అదొకటే.

ట్రాన్స్‌ఫర్ కాగితంలోని దీవి పేరు
జేజికి నోరు తిరగలేదు.
మద్రాసు దాకా రైలు, ఆణ్నించి ఓడ,
ఆ ఓడ దిగినాక ఇంకొక ఓడ.
"ఎన్ని దినాలు పడుతుందే?"
"సముద్రం ఒప్పుకుంటే ఆరు."

ప్రతి ఎండాకాలం నా మడిమల పగుళ్ళకు
ఆయింట్‌మెంటు రాసిచ్చే డాక్టర్ అహల్యాబాయి
ఈసారి వేళ్ళసందులు తడికి చివికిపోకుండా
పొడి రాసింది. రాస్తా రాస్తా ఆగింది:
"ఇది మన పెద్దాసుపత్రిలో ఉంటుందో లేదో."
ధనుర్వాతానికి ఎడమ చెయ్యి,
టైఫాయిడ్‌కు కుడి చెయ్యి.
చలిజరం మాత్రలు పోకముందే మొదలుపెట్టాలంట,
తిరిగొచ్చినాక గూడా నాలుగు వారాలు మింగాలంట.
"వచ్చేసినాక ఎందుకు మేడం?"
"ఓడ నువ్వు దిగుతావు. నీ నెత్తురులోంచి అది దిగొద్దా?"

ఇంట్లో బీరువా తెరిస్తే అన్నీ ఎండకు కొన్నవే.
గొడుగు గూడా ఒక్కసారైనా తడిసినట్టు గుర్తులేదు.
దోమతెర చెల్లెలి కానుపప్పటిది, మూలన ఎలక కొరికింది.
దోమ ఎంత లావుంటుందో ఊహించుకుంటా
సన్నసూదితో కుట్టినా.
ఓఆర్‌ఎస్ పొట్లాలు ముప్పై,
నీళ్ళలో వేసే బిళ్ళలు రెండు సీసాలు,
గాలి దూరని డబ్బాలో చెనిక్కాయల పొడి.
ఆ పక్కనే జేజి కట్టిపెట్టిన మూట. విప్పితే ఉప్పు.
"సముద్రం నడుమకు ఉప్పు మోసుకుపోవాల్నా?"
"నీళ్ళుంటే సరా?
ఎండ లేనిచోట ఉప్పెట్ల పండుతాది?"
పదకొండేండ్లు వాతావరణ శాఖలో చేసినదాన్ని,
జవాబు దొరకలేదు. పెట్టెలో పెట్టుకున్నా.

సాయంత్రం కొత్త రెయిన్‌కోటు తొడుక్కొని
పెరట్లో నిలబడినా, కారుతుందో లేదో చూడాల కదా.
జేజి చెంబు ఎత్తి, మళ్ళీ దించింది.
కొళాయి వచ్చేది ఎల్లుండి.
"ఇట్లా రా" అని నన్ను
మునగచెట్టు పాదులోకి నడిపించి
అప్పుడు పోసింది నెత్తిమీంచి.
కోటు బాగుంది.
మునగచెట్టు ఇంకా బాగుంది.

రాత్రి ఓబులేసు వచ్చినాడు
తాళాలు, కొలగ్లాసు తీసుకోను.
గ్లాసును దీపానికెత్తి, గీతలు లెక్కబెట్టి అడిగినాడు:
"ఆడ ఇది నిండి పొర్లితే ఎట్ల కొలుస్తావక్కా?"
"ఏముంది, రాసుకొని, పారబోసి, మళ్ళా పట్టేది."
వాడేమీ అనలేదు.
పారబోసి అన్నానా?
ఈ ఊర్లో ఆ మాట పైకి అన్నందుకు
వీధితలుపు మూసుందో లేదో
ఒకసారి తిరిగి చూసుకున్నా.