ఆలస్యానికి కారణం

గుణుపురంలో రేకుల షెడ్డు, ఉదయం ఏడున్నర.
కరెంటు పోయేలోగా
ఆసుపత్రి ఒకసారి కట్టి చూడాలి.

తెర అడుగున ఒక మీట. దాన్ని కుడికి జరిపితే కాలం కదుల్తుంది.
పునాదులు పడతాయి, స్తంభాలు మొలుస్తాయి,
నలభై మంచాల వార్డుకి కప్పు పడుతుంది.
ఎడమకి జరిపితే
వచ్చినవన్నీ వచ్చిన దారినే నేలలోకి దిగిపోతాయి.
ఎవరికీ నడుం నొప్పి లేదు.

ఏ గోడనైనా తాకండి, నోరు విప్పుతుంది:
తన నంబరు, పుట్టాల్సిన తారీఖు,
ఎన్ని ఇటుకలు తింటుందో, ఎంత సిమెంటు తాగుతుందో,
పైసలతో సహా.
ఇదివరకు బొమ్మలు ఒకరి దగ్గర, తారీఖులు ఒకరి దగ్గర,
లెక్కలు ఇంకొకరి దగ్గర ఉండేవి.
మాటల్లేని ఉమ్మడి కాపురం.
ఇప్పుడు ముగ్గురినీ ఒకే తాడుకి కట్టాను.
ఒకరు దగ్గితే మిగతా ఇద్దరూ ఉలిక్కిపడతారు.
పర్లాకిమిడి పిల్లని, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా.
తాళ్లు కట్టడం నాకు కొత్తేం కాదు.

మంగళవారం విశాఖలో ఆర్కిటెక్టు,
టీ తాగుతూ కాబోలు,
వార్డు కిటికీలు ఆరింటినీ రెండేసి అడుగులు వెడల్పు చేశాడు.
ఇక్కడ ఆరొందల నలభై ఇటుకలు మాయం.
అద్దాల బాపతు ఎర్ర అంకె పెరిగింది,
ఇటుకల బాపతు ఆకుపచ్చ అంకె వెలిగింది: ఆదా.
విప్పి చూస్తే ఆ ఆదాలో
ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు, ఒక రోజు.
ఆ ఇద్దరిలో ఒకరు సుగ్గి గొమాంగో.
గాలి బాగా వస్తుందిలే రోగులకి, అనుకుని
ఫైలు మూసేశాను.

తవిటయ్య మేస్త్రీ మూడు భాషల్లో తిట్టగలడు.
ఇసక రేటు చూపిస్తే మాత్రం తెలుగులోనే నవ్వాడు:
"వంశధార పక్కనే ఉన్నాదమ్మా,
రేటు మాత్రం అయిదరాబాదు నుంచి నడిసొచ్చినాది."

గురువారం కొండ మీది ముఠా దిగలేదు.
2-117 గోడ ఎర్రబడింది.
దాని వెనక పూత, పూత వెనక వైర్లు, వైర్ల వెనక రంగు,
చిట్టచివర రిబ్బను కత్తిరించే రోజు కూడా
ఎర్రబడి నాలుగు గళ్లు అవతలికి జరిగింది.
ఆలస్యానికి కారణం అని అడిగింది తెర.
వాన. సామాను. కూలీలు. ఇతరం.

తవిటయ్య బండి వెనక కూర్చుని కొండెక్కాను,
తొందరగా రమ్మని చెబుదామని.
పోయినేడు చనిపోయిన సుగ్గి మామకి
ఆ రోజు రాయి నాటుతున్నారు.
ఎనిమిది మంది మోసుకొచ్చారు. మట్టం లేదు, తూకం గుండు లేదు.
ఒక ముసలాయన కళ్లు చికిలించి
చేత్తో కొంచెం అటు అన్నాడు, కొంచెం ఇటు అన్నాడు,
ఇక చాలన్నాడు.
మట్టి తొక్కారు. నిలబడింది.

"నూటేబై కేజీలుంటాది," అనేశాడు తవిటయ్య
అలవాటుకొద్దీ. తర్వాత నాలిక కరుచుకున్నాడు.
నేనూ లోపల్లోపల గడులు నింపుతున్నాను:
పరిమాణం ఒకటి. రేటు దగ్గర ఆగిపోయాను.
సుగ్గి నన్ను చూసింది.
సోమవారం వస్తాననలేదు, రాననీ అనలేదు,
కాస్త జరిగి చోటిచ్చింది.
చెబుదామని వచ్చిన మాట చెప్పకుండానే దిగాను.

'ఇతరం' నొక్కితే అరవై అక్షరాల చోటు ఇస్తుంది.
రాయి నాటడం, అని రాశాను.
శనివారం హెడ్డాఫీసు నుంచి ప్రశ్న:
ఏ రాయి? ఏ అంతస్తు? అంచనాలో లేదే?
జవాబు ఇంకా రాయలేదు.

సోమవారం అందరూ వచ్చారు.
వెడల్పయిన కిటికీ పక్కన గోడ నడుము దాకా లేచింది.
తెరలో అది శుక్రవారమే పూర్తయి, పూత కోసం చూస్తోంది.
మీట పట్టుకుని మెల్లగా ఎడమకి జరిపాను,
ఒక్కో వరసా దించుకుంటూ,
సుగ్గి నెత్తి మీది తొమ్మిది ఇటుకల దగ్గరికి
వచ్చేదాకా.